సినిమాలు చూపిన దారిలో లండన్

లండన్‌లో ఎనిమిది రోజులు గడిపే అవకాశం దొరికినప్పుడు, అక్కడి కరీబియన్, దక్షిణాసియా కుటుంబాల బతుకును తెరకెక్కించిన సినిమాలలోని వీధులను కాలినడకన చూడాలని నిశ్చయించుకున్నాను. సినిమాలన్నీ ఇంటి వద్దే చూసి బయలుదేరడం ఎంత మేలయిందో అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఆ కథలు తెలియని వారికి ఇవన్నీ మామూలు వీధులే.

మొదటి రెండు రాత్రులు నగరం నడిబొడ్డున ఒక హోటల్లో దిగాను. పెట్టె తెరిస్తే అడుగు వేయడానికి చోటు మిగలని గది అది. తరువాత తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఒక తెలుగు కుటుంబం అద్దెకిచ్చే గదికి మారాను. ఖర్చు సగానికి తగ్గింది, రాత్రిపూట పప్పూ పెరుగన్నమూ దొరికాయి. పైగా అక్కడ హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ రైలెక్కితే, మధ్యలో మారే పని లేకుండా నగరాన్ని దాటి పశ్చిమాన ఉన్న లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో దిగవచ్చు.

నా యాత్రలో అన్నిటికన్నా విలువైన చోటు లాడ్‌బ్రోక్ గ్రోవ్ పరిసరమే. బ్రిటన్‌లో నల్లజాతి దర్శకుడు తీసిన తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా పేరుపొందిన హొరేస్ ఓవే 'ప్రెషర్' ఇక్కడి కథే. కరీబియన్ దీవి ట్రినిడాడ్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు లండన్‌లోనే పుట్టి, చదువు ముగించి, ఉద్యోగం కోసం తిరిగే కుర్రవాడు అందులో నాయకుడు. అక్కడికి కొద్ది దూరంలోని ఆల్ సెయింట్స్ రోడ్డులో, ట్రినిడాడ్ నుంచే వచ్చిన ఫ్రాంక్ క్రిచ్‌లో 1968లో మాంగ్రోవ్ అనే భోజనశాల తెరిచాడు. పోలీసులు దానిపై పదేపదే దాడులు చేయగా, 1970 ఆగస్టులో జనం నిరసన ఊరేగింపు తీశారు. దాని పర్యవసానంగా తొమ్మిది మంది ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో 55 రోజుల విచారణను ఎదుర్కొని, అల్లర్లకు ప్రేరేపించారన్న ప్రధాన ఆరోపణ నుంచి బయటపడ్డారు. స్టీవ్ మెక్‌క్వీన్ 2020లో తీసిన 'మాంగ్రోవ్' ఈ కథనే చెబుతుంది. ఆ భోజనశాల నడిచిన భవనం గోడమీది స్మారక ఫలకం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఒకప్పుడు వలస కుటుంబాలు ఇరుకు గదుల్లో తలదాచుకున్న ఆ పేటలో ఇప్పుడు సామాన్యులు ఇల్లు కొనగలిగే స్థితి లేదు. శనివారం పోర్టొబెల్లో సంతకు వచ్చే జనంతో దారులు కిక్కిరిసిపోతాయి కనుక వారం మధ్యలో వెళ్ళడం మంచిది.

వాక్స్‌హాల్ దగ్గరి విల్కాక్స్ రోడ్డును చూడడానికి గంట చాలు. హనీఫ్ కురేషీ రాయగా స్టీఫెన్ ఫ్రియర్స్ 1985లో తీసిన 'మై బ్యూటిఫుల్ లాండ్రెట్'లో, పాకిస్తానీ యువకుడు ఒమర్ నడిపే బట్టలుతికే దుకాణం ఈ వీధిలోనే కనిపిస్తుంది. పక్కనున్న సౌత్ లాంబెత్ రోడ్డులో నేడు పోర్చుగీసు కుటుంబాల కాఫీ దుకాణాలున్నాయి. అక్కడి గుడ్డు మీగడ టార్టు తప్పక రుచి చూడవలసినది.

వాటర్లూ వంతెన కింది బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) సౌత్‌బ్యాంక్ సినిమా కేంద్రంలో మీడియాథెక్ అనే గది ఉంది. టికెట్టు లేకుండా కూర్చుని పాత డాక్యుమెంటరీలు చూడవచ్చు. ఒక వాన మధ్యాహ్నం అంతా అక్కడే గడిచింది. లండన్‌లో డబ్బు అడగకుండా ఇంత ఇచ్చిన చోటు మరొకటి నాకు కనబడలేదు.

చివరి రోజు వైట్‌చాపెల్‌లో ఎలిజబెత్ లైన్ అందుకుని సౌతాల్ వెళ్ళాను. స్టేషన్ పేరు పంజాబీ భాష రాసే గురుముఖి లిపిలోనూ రాసి ఉంటుంది. 2003లో ప్రారంభమైన గురునానక్ రోడ్డు (పూర్వపు హావ్‌లాక్ రోడ్డు) గురుద్వారాలో, తలపై గుడ్డ కప్పుకుని వరుసలో కూర్చున్న ఎవరికైనా ఉచితంగా భోజనం పెడతారు. ఆ రొట్టె, పప్పు రుచి ఏ హోటల్లోనూ దొరకలేదు. చైనా దేవాలయం తరహా ముఖభాగంతో 1929లో కట్టిన హిమాలయా ప్యాలెస్ సినిమా హాలు కూడా ఈ ఊరిలోనే ఉంది. ఒకప్పుడు హిందీ సినిమాలతో కళకళలాడిన ఆ హాలులో ప్రదర్శనలు 2010లో ఆగిపోయాయి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల ఆ కప్పును ఎదుటి కాలిబాట మీద నుంచే చూసి తిరుగు రైలెక్కాను.