లాయర్‌పేట ఇంగ్లీషు తరగతి: పాఠం బాగుంది, నోట్సు మారాలి

ఒంగోలు లాయర్‌పేటలోని ఒక ఇంగ్లీషు శిక్షణ కేంద్రంలో నెలన్నర వ్యాకరణం కోర్సు ఇటీవల సాయంత్రం బ్యాచిలో పూర్తి చేశాను. చీమకుర్తిలోని ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఆఫీసు పని చూసే నాకు, విదేశీ కొనుగోలుదారులకు మెయిళ్లు రాసేటప్పుడు క్రియను ఏ కాలంలో పెట్టాలన్నదే పెద్ద చిక్కు. దానికోసమే చేరాను. బ్యాంకు పరీక్షలకు చదివే డిగ్రీ విద్యార్థులు, నర్సింగ్ అమ్మాయిలు, టంగుటూరు వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు మా బ్యాచిలో ఎక్కువ. ఫీజు 3,000 రూపాయలు.

ఇక్కడి మాస్టారు మొదటి రోజే క్రియా కాలాల పన్నెండు గళ్ల పట్టిక గీసి బట్టీ పట్టమనరు. బోర్డు మీద ఒక తెలుగు వాక్యం రాసి, ఈ పని ఎప్పటిది, అయిపోయిందా, ఇంకా సాగుతోందా అని అడుగుతారు. ‘మా నాన్న ఏటా పొగాకు వేస్తారు’, ‘మా నాన్న వచ్చే ఏడు పొగాకు వేస్తారు’ అన్న రెండు వాక్యాలతో మొదలుపెట్టారు. మనకు రెండింటికీ ఒకే క్రియ సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం అలవాటుకు ‘గ్రోస్’, రాబోయేదానికి ‘విల్ గ్రో’ అని విడదీయాలి. పొలం పనులు ఎరిగిన పిల్లలకు ఈ తేడా అక్కడికక్కడే అర్థమైంది. ‘డిడ్’ వచ్చాక మళ్లీ ‘వెంట్’ రాకూడదని, ‘డజ్’ ఉన్నచోట క్రియకు ‘ఎస్’ చేర్చకూడదని ఒక్కొక్కరి చేత పలికించి మరీ సరిదిద్దారు.

నాకు అన్నిటికంటే మేలు చేసింది ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ పాఠం. ‘లారీ నిన్న రాలేదు’, ‘లారీ ఇంకా రాలేదు’ అని మనం ఒకే ‘రాలేదు’తో చెప్పేస్తాం. మొదటిది గడిచిపోయిన రోజుకు సంబంధించింది కనుక ‘ద లారీ డిడ్ నాట్ కమ్ యెస్టర్‌డే’ అవుతుంది. రెండోదానిలో ఎదురుచూపు ఈ క్షణం వరకూ ఉంది కనుక ‘ద లారీ హ్యాజ్ నాట్ కమ్ యెట్’ అనాలి. సరుకు పంపేశామని మాత్రమే తెలపాలంటే ‘వి హ్యావ్ డిస్పాచ్డ్’ సరిపోతుందని, ‘సోమవారం’ అని రోజు చెప్పామంటే ‘హ్యావ్’ తీసేసి ‘వి డిస్పాచ్డ్’ అని రాయాలని నా చేత మెయిలు రాయించి చూపించారు. అలాగే ‘2019 నుంచి ఇక్కడే పనిచేస్తున్నాను’ అన్నది ‘ఐ యామ్ వర్కింగ్’ కాదు, ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ అని, మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’ అని ఉదాహరణల మీద ఉదాహరణలు చెప్పారు. ఇంత ఓపికగా ఈ విషయం చెప్పేవారిని నేను మరెక్కడా చూడలేదు.

ఇంత మంచి పాఠానికి తోడుగా ఇచ్చే నోట్సు మాత్రం చాలా నిరాశ కలిగించింది. తరగతిలో ఎక్కడా కనిపించని సూత్రాల పట్టికలే అందులో పేజీల కొద్దీ ఉన్నాయి. నిత్యం అవసరమయ్యే సింపుల్ పాస్ట్‌కు ఎంత చోటు ఇచ్చారో, అరుదుగా వాడే ఫ్యూచర్ పర్‌ఫెక్ట్ కంటిన్యుయస్‌కూ అంతే ఇచ్చారు. ‘ఐ’, ‘వి’ పక్కన ‘షల్’ తప్పనిసరి అని రాశారు. నేటి వాడుకలో రాబోయే పనిని చెప్పడానికి ‘విల్’ అందరికీ చెల్లుతుంది. ‘బ్రింగ్, బ్రాట్, బ్రాట్’ వంటి క్రియలను అక్షర క్రమంలో పేర్చారే తప్ప ఒక్కదానికీ వాక్యం లేదు. ‘నో’ (తెలియడం), ‘బిలాంగ్’ (చెందడం) వంటి క్రియలకు సాధారణంగా ‘ఇంగ్’ చేరదన్న ముఖ్యమైన సంగతి ఎక్కడా లేదు. ‘నాకు తెలుసు’ అనడానికి ‘ఐ యామ్ నోయింగ్’ అనేవారు మా బ్యాచిలోనే ఉన్నారు కనుక, ఇది చిన్న లోపం అనుకోను.

బ్యాచి పెద్దది కావడంతో ఇంటి దగ్గర రాసుకొచ్చిన అభ్యాసాలను ఒక్కొక్కరివీ దిద్దే వీలు మాస్టారికి ఉండడం లేదు. నోటితో చెప్పేటప్పుడు సరిగ్గా వచ్చే కాలం రాసేటప్పుడు తప్పిపోతుంది కనుక, వారానికి ఒకసారైనా పుస్తకాలు దిద్దే ఏర్పాటు ఉండాలి.

బట్టీ సూత్రాలతో విసిగిపోయినవారికి, ఉద్యోగంలో ఇంగ్లీషు రాయాల్సినవారికి ఈ కోర్సును నేను నిస్సంకోచంగా సూచిస్తాను. చేరేవారు మాస్టారు బోర్డు మీద రాసే జంట వాక్యాలను సొంతంగా రాసుకోవాలి. అచ్చు నోట్సు మీద ఆధారపడవద్దు. ఉదయం బ్యాచిలో విద్యార్థులు తక్కువ కనుక, వీలున్నవారు అందులోనే సీటు అడగండి.