‘మైలేజ్ ప్యాకేజీ’కి 6,900 కట్టాను, మీరు కట్టకండి

రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లుకు రోజూ కారులో వెళ్లొస్తాను. ఆరేళ్ల పెట్రోలు బండి. లీటరుకు 18 ఇచ్చేది కాస్తా ఈ వేసవికి 13కి పడిపోయింది. ఊరికే అంచనాగా చెప్పింది కాదు. ఫుల్ ట్యాంకు కొట్టించి, 412 కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో మళ్లీ ఫుల్ చేయిస్తే 31.5 లీటర్లు పట్టింది.

దగ్గర్లోని ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. పేరు రాయను. బానెట్ ఎత్తకుండానే ‘మైలేజ్ ప్యాకేజీ చేయించేయండి, అయిదారు కిలోమీటర్లు పెరుగుద్దండి’ అన్నాడు. బిల్లు ఇలా వచ్చింది: ఇంజిన్ డీకార్బన్ (లోపలి మసి తీయడం) 3,200, స్టీరింగ్ కింద ఉండే బండి కంప్యూటర్ సాకెట్‌లో పెట్టే ఫ్యూయల్ సేవర్ 1,400, పెట్రోల్లో పోసే సీసా 600, ఎయిర్ ఫిల్టర్ 450, త్రాటిల్ (ఇంజిన్‌కి గాలి వెళ్లే దారి) క్లీనింగూ కూలీ కలిపి 1,250. బండి అప్పగించేటప్పుడు మైలేజ్ మీటరు రీసెట్ చేసి, ఖాళీ హైవే మీద అరవైలో తోలి ‘చూడండి, 21!’ అన్నాడు. అలా తోలితే ఏ కారైనా బాగానే చూపిస్తుందని నాకు అప్పుడు తట్టలేదు.

మళ్లీ ఫుల్ ట్యాంకు లెక్క వేశాను. 13.2.

వెళ్లి అడిగితే ‘ఆయ్, ఇప్పుడొచ్చేదంతా ఇథనాల్ పెట్రోలండి, మేమేం చేస్తాం’ అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే చాలామంది నోరు మూసుకుని వచ్చేస్తారు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే మైలేజ్ ఆరేడు శాతం తగ్గొచ్చు. ఆ లెక్కన 18 కాస్తా 17 కావాలి, 13 ఎందుకవుతుంది? పైగా ప్యాకేజీ అమ్మేటప్పుడు ఈ ఇథనాల్ సంగతి ఎందుకు గుర్తు రాలేదో!

ఇంటికొచ్చి ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీశాను. మా నాన్న పంపుసెట్టుకి ఏది మార్చినా దాని మీద తేదీ రాసేవారు, నాకూ ఆ అలవాటే వచ్చింది. కొత్తదని 450 తీసుకున్న ఫిల్టరు అంచు మీద రెండేళ్ల నాటి నా రాత ఉంది. మడతల నిండా ఊక, గడ్డి దుమ్ము. దాళ్వా వరి కోతలప్పుడు మన రోడ్లెలా ఉంటాయో తెలుసుగా. అయితే కంప్యూటరే పెట్రోలు కొలిచి పంపే ఇంజెక్షన్ బండ్లలో ఫిల్టరు మురికైతే పికప్ తగ్గుతుంది కానీ, మైలేజ్ ఇంతలా పడదు. అసలు జబ్బు ఇంకెక్కడో ఉంది.

మా ఊరి పాత మెకానిక్‌కి చూపిస్తే ముందు టైర్లలో గాలి చూశాడు. 33 ఉండాల్సిన చోట 24. తర్వాత జాకీ పెట్టి చక్రాలు చేత్తో తిప్పాడు. ముందు ఎడమ చక్రం తిరగడం లేదు. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని చక్రం డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి, ప్యాడ్ డిస్కును వదలడం లేదు. అంటే కొన్ని నెలలుగా బ్రేకు మీద కాలు పెట్టుకునే తోలుతున్నానన్నమాట. ‘సముద్రం గాలండి, ఇటుపక్క బండ్లకి మామూలే. ఏడాదికోసారి విప్పించి గ్రీజు పెట్టించుకోవాలి’ అన్నాడు. ముందు రెండు చక్రాలకీ ప్యాడ్లు 1,800, కూలీ 500. అసలు ఫిల్టరు విడిగా కొనుక్కున్నాను. ఆ తర్వాత 455 కిలోమీటర్లకి 26.4 లీటర్లు, అంటే 17 పైనే.

ఫ్యూయల్ సేవర్‌ని మా మేనల్లుడు విప్పి చూశాడు, వాడు ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. లోపల రెండు మూడు లైట్లూ, వాటిని మినుకుమినుకుమనిపించే చిన్న ముక్కా. బండి కంప్యూటర్‌తో మాట్లాడే చిప్పు అసలు లేదట.

ఆ షెడ్డుకి మళ్లీ వెళ్లి పాత ఫిల్టరు బల్ల మీద పెట్టాక ఆ 450 మాత్రం తిరిగిచ్చారు. మిగతాదానికి ‘చేసిన పనికి డబ్బులెలా ఇస్తామండి’ అన్నారు.

మైలేజ్ పడిపోతే ముందు ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టించండి, ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీదుంటుంది. ఓ పది కిలోమీటర్లు తోలి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోందేమో చూపించుకోండి. ఏ షెడ్డులోనైనా మార్చిన పాత సామాను మీ చేతికి ఇవ్వమని పని మొదలెట్టకముందే చెప్పండి. బండి ఇచ్చే ముందు ఫిల్టరు అంచు మీద పెన్నుతో చిన్న గీత గీయండి.