మా పర్లాకిమిడి ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉన్న టెలిస్కోప్ పీక్ షీటు

ఈ టోపో షీటును, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటాన్ని, పాత పుస్తకాలమ్మే ఒకాయన దగ్గర 1,800 రూపాయలకి కొన్నాను. అమెరికా జియలాజికల్ సర్వే వారి 1952 నాటి షీటు, స్కేలు 1:62,500. అంగుళానికి దాదాపు మైలు. కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ అనే ఎడారి లోయకి పడమటన నిలిచిన పానమింట్ కొండలు, వాటిలో అన్నిటికన్నా ఎత్తైన టెలిస్కోప్ పీక్ శిఖరం ఇందులో ఉన్నాయి.

కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, చదవడం నాకు నేర్పింది ఇదే. ఎడారి కాబట్టి కొండ ఆకారాన్ని కప్పేసే పచ్చరంగు తక్కువ. కొండ సందుల్లో గీతలు ఎగువకి మొన తేలి ఉంటాయి. వాగు కొండ దిగి మైదానంలో పడగానే అవే గీతలు దిగువకి విల్లులా ఉబ్బుతాయి. వరద మోసుకొచ్చిన రాళ్లూ ఇసుకా విసనకర్రలా పరుచుకున్న చోటది. కింద బల్లారట్ అనే పాడుబడ్డ ఊరి నుంచి టెలిస్కోప్ పీక్ కొస వరకు కాగితం మీద జానెడు పైచిలుకే. ఆ కాస్తలోనే మన మహేంద్రగిరులు రెండు ఒకదానిమీదొకటి పెట్టినంత ఎత్తు! మొదటిసారి లెక్కేసిన రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

"నీళ్లు లేని గెడ్డకి నీలం గీతెందుకు తాతయ్యా?" అని మా మనవరాలు అడిగింది. గీత, మూడు చుక్కలు, మళ్లీ గీత ఉంటే వానొచ్చినప్పుడే పారే వాగని చెప్పాను. 1870ల్లో వెండి కోసం వెలిసిన పానమింట్ సిటీని చూపించాను. 1876లో హఠాత్తుగా వచ్చిన వరద ఆ ఊరిని చాలావరకు ఊడ్చేసింది. వేసవిలో ఎండిపోయే మన గెడ్డల్ని కూడా ఆ పిల్ల ఇప్పుడు జాగ్రత్తగా చూస్తుంది.

నా ఫిర్యాదు కూడా చెప్పాలి. చిరుగుల్లేవని అమ్మారు గానీ, మడతల వెనక టేపు అంటించి ఉంది. రెండేళ్లకి దాని జిగురు పసుపు మరకై ముందుకి దిగింది. ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. కొనేముందు వెనకవైపు ఫోటో తప్పకుండా అడగండి. వానాకాలంలో బయటి గోడకి తగిలిస్తే కాగితం ఉబ్బింది. లోపలి గోడకి మార్చి, అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండేలా ఫ్రేమ్ కట్టించాక బాగుంది. లామినేషన్ మాత్రం చేయించకండి, మళ్లీ ఊడదు.

డబ్బు పెట్టలేనివాళ్లు ఆ సర్వే వెబ్‌సైట్‌లో పాత షీట్ల స్కాన్‌లు ఉచితంగా దించుకోవచ్చు. నేనైతే తూర్పు పక్క షీటు కోసం వెతుకుతున్నాను. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువనున్న బ్యాడ్‌వాటర్ అందులో ఉంది.