కేజీ గ్యాస్: అడుగంటిందా, ఆపేశారా?

2012లో రాజమండ్రిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియక పచ్చడి రోట్లోనే నూరేవాళ్లం. పక్కనే వేమగిరిలో గ్యాస్‌తో కరెంటు తీసే ప్లాంటు ఉంది, దానికి సరిపడా గ్యాసే లేదు.

2010లో కృష్ణా-గోదావరి (కేజీ) తీరంలో, సముద్రంలో ఉన్న రిలయన్స్ గ్యాస్ బ్లాకు కేజీ-డీ6 నుంచి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చేది. తర్వాత పడిపోయింది. బావుల్లో ఒత్తిడి తగ్గి నీరు, ఇసుక చేరాయంది రిలయన్స్.

కాదు, యూనిట్‌కు (ఎంఎంబీటీయూ, అంటే గ్యాస్‌ వేడిని కొలిచే లెక్క) 4.2 డాలర్లున్న గ్యాస్ ధర పెరిగేదాకా కావాలనే తొక్కిపట్టారన్నారు విమర్శకులు. 2014 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కేజ్రీవాల్ ప్రభుత్వం రిలయన్స్‌పై కేసు కూడా పెట్టించింది. అనుకున్నన్ని బావులు తవ్వలేదని చమురు శాఖ కింద గ్యాస్ తవ్వకాలను పర్యవేక్షించే డీజీహెచ్ కూడా తప్పుపట్టింది. అది గట్టి పాయింటే.

అయినా నాకు మొదటి మాటే నిజమనిపిస్తుంది. దాచిన గ్యాసైతే ఎప్పటికైనా పైకి రావాలిగా? ఆ బ్లాకులోని ప్రధాన గ్యాస్ క్షేత్రాలు డీ1, డీ3 2020లో పూర్తిగా మూతపడ్డాయి.