చేత్తో నొక్కే హబ్ కట్టర్: చిన్న క్లినిక్కుకు ఇదే మేలు

చెన్నై పార్క్‌టౌన్ సర్జికల్ షాపుల్లో వాడిన సూదుల కోసం రెండు రకాలు చూపిస్తారు. ఒకటి కరెంటుతో సూదిని కాల్చే బర్నర్, రెండోది చేత్తో నొక్కితే సూదిని హబ్‌తో (సిరంజీకి తగిలించే ప్లాస్టిక్ మొదలు) సహా తెంపే కట్టర్. చిన్న క్లినిక్కుకైతే మేం కట్టరే కొనమంటాం. బర్నర్‌లో సూది కాలినా హబ్ దగ్గర చిన్న ముక్క మిగిలిపోతుంది. కాల్చినంత మాత్రాన సిరంజీకి ఏమీ కాదు, ఇంకో సూది తగిలించి మళ్లీ వాడేసే అవకాశం అలాగే ఉంటుంది. కట్టర్‌లో సరిగ్గా దూరిస్తే సిరంజీ మూతి కూడా తెగిపోతుంది. పైగా ఆక్సిజన్ నడుస్తున్న మంచం పక్కన నిప్పురవ్వలు లేచే యంత్రం పెట్టనే కూడదు.

షాపులోనే ఒంటి చేత్తో నొక్కి చూడండి. రెండో చేత్తో డబ్బా పట్టుకోవాల్సి వస్తే ఆ మోడల్ వద్దు, గుచ్చుకునేది ఆ చేతికే. కింద రబ్బరు పట్టు ఉండాలి, ఎంత నిండిందో బయటికి కనిపించాలి. "డబ్బా ఖాళీ చేసి మళ్లీ వాడుకోవచ్చమ్మా" అని షాపాయన గొప్పగా చెబుతాడు. మాకు నచ్చనిది సరిగ్గా అదే. సూదులు ఒంపేటప్పుడు ఒకటి జారినా చాలు. డబ్బా మూతతో సహా ఊడొచ్చి, అలాగే వాడిన సూదులు వేసే తెల్ల డబ్బాలోకి పోయే మోడల్ అడగండి. ముప్పావు నిండగానే మార్చేయాలి.

వాడేటప్పుడు సిరంజీ పూర్తిగా ఖాళీ అయి ఉండాలి. మందో రక్తమో మిగిలితే నొక్కగానే చిందుతుంది. సూదికి క్యాప్ మళ్లీ పెట్టొద్దు. హబ్ దాకా దూర్చి ఒకే ఊపున నొక్కాలి, మిగిలిన సిరంజీ ఎర్ర సంచిలోకి. ఇన్సులిన్ సిరంజీకి సూది అతికే ఉంటుంది కాబట్టి దీంతో పని లేదు, మొత్తంగా తెల్ల డబ్బాలో వేయాలి. కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) లోపలి సూదీ అంతే. పగిలిన యాంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి) గాజు నీలం డబ్బాకి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల్లోని రంగులే ఇవి.

కట్టర్‌ను ట్రాలీ పై అరలో, చేతికందే చోట ఉంచాలి. పక్క గదిలో పెడితే సిస్టర్ తెరిచిన సూదితో నడవాలి, లేదా భయపడి క్యాప్ పెట్టేస్తుంది. గుచ్చుకునేది ఇలాంటప్పుడే. అలా జరిగితే సబ్బూ నీళ్లతో కడగాలి, పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే రిపోర్ట్ చేయాలి. హెచ్ఐవీ సోకకుండా మందులు వాడాల్సి వస్తే వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. హెపటైటిస్-బి టీకా 3 డోసులూ అయ్యాయో లేదో ఉద్యోగంలో చేరినప్పుడే చూసుకోవాలి.

కట్టర్ అసలు లోపం బ్లేడు. మొద్దుబారితే సూది తెగకుండా వంగి, కట్టర్ నోట్లోనే ఇరుక్కుంటుంది. అప్పుడు వేళ్లతో లాగకండి, ఫోర్సెప్స్ (పట్టకారు) వాడండి. బ్లేడు విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి. దొరకదంటే పక్క షాపుకి వెళ్లండి.