సెప్టెంబరు ఎండలో గువ్వల వేట: అబిలీన్ దగ్గర ఒక రోజు యాత్ర

టెక్సాస్ ఉత్తర, మధ్య మండలాల్లో గువ్వల వేట సెప్టెంబరు 1న మొదలవుతుంది. అప్పటికి ఎండలు తగ్గిన దాఖలా ఏమీ ఉండదు. అందుకే డబ్బు తీసుకుని వేటకు పొలం చూపించే నిర్వాహకుడి పనితనం నీడ, నీళ్లు, ఐసు దగ్గరే బయటపడుతుందని నా నమ్మకం. ఈసారి సీజను మొదటి రోజున నేనూ మా బావమరిదీ టెక్సాస్‌లోని అబిలీన్ పట్టణం నుంచి ఉత్తరంగా అరగంట దూరంలో ఉన్న ఒక పొలంలో, మనిషికి 175 డాలర్లు చెల్లించి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేటాడి వచ్చాము. లోపాల గురించి కూడా రాస్తున్నాను గనుక నిర్వాహకుడి పేరు ఇవ్వడం లేదు. ఇలాంటి యాత్రకు డబ్బు కట్టబోయేవారు ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలో ఈ వివరాలను బట్టి తెలుస్తుంది.

ముందుగా కాగితాల సంగతి. టెక్సాస్ నివాసికి వేట లైసెన్సు 25 డాలర్లు, వలస పక్షుల అనుమతి మరో 7 డాలర్లు. లైసెన్సు కొనేటప్పుడే కిందటి సీజనులో ఎన్ని పక్షులను కొట్టారో అడిగి హిప్ (వేట లెక్కలు సేకరించే కార్యక్రమం) ధ్రువీకరణ నమోదు చేస్తారు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ ధ్రువపత్రం కూడా ఉండాలి. మనవాళ్లు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ చేతపట్టడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అయితే ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. మా బావమరిది ఆ వీసా మీదే ఉన్నాడు. గేటు దగ్గర గైడ్ అందరి లైసెన్సులనూ ఒక్కొక్కటిగా చదివి, గడువు తేదీ చూసి, ప్రతి తుపాకీలోనూ మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ అనే అడ్డు ముక్క ఉందో లేదో స్వయంగా పరీక్షించిన తరవాతే లోపలికి పంపాడు. ఆ పది నిమిషాల జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

పొలం ఎంపికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒకవైపు కోత అయిపోయిన గోధుమ చేను, మరోవైపు అడవి పొద్దుతిరుగుడు మొక్కలు, వాటికి అవతల పశువుల కోసం తవ్విన నీటి గుంట ఉన్నాయి. గువ్వకు గింజలు, నీళ్లు, కూర్చోవడానికి చెట్టు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే చాలు. వేట కోసం గింజలు చల్లి పక్షులను రప్పించడం నేరం, మామూలు వ్యవసాయంలో రాలిన గింజల మీద వేటాడటం నేరం కాదు. నేను అడగకముందే గైడ్ ఈ తేడాను వివరించి, చేను ఎప్పుడు కోశారో, ఆ తరవాత అందులో ఏ పనీ చేయలేదని కూడా చెప్పాడు. నడుస్తూ నడుస్తూ మా బావమరిది వంగి, బూటు అడుగున గుచ్చుకున్నదాన్ని పీకి నా అరచేతిలో పెట్టాడు. "బావా, ఇది మన పల్లేరుకాయే" అన్నాడు. నిజంగానే అదే మొక్క, సముద్రాలు దాటి వచ్చి ఇక్కడా పాతుకుపోయింది. కుక్కను వెంట తీసుకెళ్లేవారు దాని పాదాలకు తొడుగులు వేయడం మంచిది.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చడానికి చట్టం అనుమతిస్తుంది. మొదటి గంటన్నర అద్భుతంగా గడిచింది. మౌర్నింగ్ డవ్ అనే రకం గువ్వలు రెండేసి మూడేసిగా, చెట్ల వరుస మీదుగా, గాలిలో ఒరిగి దిశ మార్చుకుంటూ వచ్చాయి. రెక్క మీద తెల్లచారతో వైట్‌వింగ్ రకం గువ్వలు ఇంకాస్త ఎత్తున వచ్చాయి. మెడ వెనక నల్ల పట్టీ ఉన్న కాలర్డ్ డవ్‌లు కూడా రెండు కనిపించాయి. మన ఊళ్లలో కరెంటు తీగల మీద కూర్చుని కూసే గువ్వ అదే. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడకూడదు, ఇక్కడ అది బయటి నుంచి వచ్చిన పక్షి గనుక సీజను గానీ పరిమితి గానీ లేవు. తక్కిన గువ్వలకు మాత్రం రోజుకు మనిషికి 15 పరిమితి. పక్షి వెనక ఆకాశం కనిపిస్తే తప్ప తుపాకీ ఎత్తవద్దని గైడ్ మొదటే గట్టిగా చెప్పాడు. తక్కువ ఎత్తున వచ్చిన పక్షిని ఒకతను కాల్చబోతే వెంటనే కేక వేసి ఆపాడు కూడా.

లోపాలు ఎండతో పాటే మొదలయ్యాయి. తొమ్మిదిన్నరకే 33 డిగ్రీలు దాటింది. ఉన్న నీడంతా మెస్కీట్ చెట్లదే. మన సర్కారు తుమ్మకు దగ్గరి బంధువైన ఆ చెట్టు నీడ ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు, జల్లెడ పట్టినట్టు ఉంటుంది. ఎనిమిది మందిలో ఐదుగురికే ఆ మాత్రం నీడైనా దక్కింది. మిగిలిన ముగ్గురం పొద్దుతిరుగుడు అంచున ఎర్రటి ఎండలో కూర్చున్నాము. నాలుగు గుంజలకు కట్టిన ఒక గుడ్డ పందిరి ఉన్నా సరిపోయేది. తాగునీళ్లు మాత్రం పుష్కలంగా పెట్టారు, గంటకోసారి గైడే బండిలో తెచ్చి అందరికీ సీసాలు పంచాడు.

గైడ్ వెంట వచ్చిన నల్ల లాబ్రడార్ కుక్కను చూసుకున్న తీరు నా మనసుకు బాగా పట్టింది. పదకొండో పక్షిని తెచ్చాక దాని నాలుక వెడల్పయి, చివర గరిటెలా మడత పడి, పక్కకు వేలాడింది. గైడ్ ఆ నాలుకను ఒక్క చూపు చూసి, దాన్ని నీటి గుంటలో పొట్ట తడిసేదాకా నిలబెట్టి, ఆ తరవాత బండి నీడలోకి చేర్చి, సాయంత్రం దాకా మళ్లీ పనికి పిలవలేదు. పడిన పక్షులను ఆ తరవాత మేమే వెతుక్కున్నాము. కొట్టిన పక్షిని వెతకడం చట్టం ప్రకారం మన బాధ్యతే గనుక అందులో నాకు ఫిర్యాదు లేదు.

అసలు ఫిర్యాదు ఐసు విషయంలో. 'పక్షుల కోసం ఐసు మేమే ఇస్తాము' అని డబ్బు కట్టేటప్పుడు స్పష్టంగా చెప్పారు. తీరా చూస్తే ఎనిమిది మందికి ఒకే పెట్టె, అదీ తాగే సీసాలతో నిండి ఉంది. పదకొండు గంటలకల్లా అందులో మిగిలింది నీళ్లే. గువ్వ నూట ఇరవై గ్రాముల పక్షి, తినదగిన మాంసం దాదాపుగా రొమ్ము దగ్గర రెండు చిన్న ముక్కలే. వేట చొక్కా వెనక జేబులో ఒకదాని మీద ఒకటి కుక్కితే వాటి ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. నేను మొదటి పక్షిని శుభ్రం చేసినప్పుడు ఈకలు చెమట వేళ్లకు అంటుకుని రాలేదు. దాని మెడ కింద సంచి చిట్లి, నల్లటి పొద్దుతిరుగుడు గింజలు ఒక పిడికెడు, ఇంకా మెరుస్తూ, అరచేతిలోకి జారాయి. మాంసం అప్పటికీ గోరువెచ్చగానే ఉంది. ఆలస్యంగా శుభ్రం చేసిన నాలుగు పక్షులు వాసన పట్టి తినడానికి పనికిరాకుండా పోయాయి. ప్రాణం తీసిన పక్షిని పారేయవలసి రావడం నన్ను నిజంగా బాధపెట్టింది. నిర్వాహకుడు క్షమాపణ చెప్పి, మనిషికి 40 డాలర్లు వెనక్కి ఇచ్చి, మధ్యాహ్నం పట్టణానికి మనిషిని పంపి ఆరు సంచుల ఐసు తెప్పించాడు.

ఆ తరవాత రెండో పూట సవ్యంగా సాగింది. నాలుగున్నరకు 40 డిగ్రీల వేడిలోనే గువ్వలు గుంట దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. ఈసారి ప్రతి పక్షినీ అరగంటలోపే శుభ్రం చేసి, మాంసాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసి, కరిగిన నీళ్లు తగలకుండా ఐసు మీద పెట్టాము. రోజంతా కలిపి నాకు 11, మా బావమరిదికి 8 వచ్చాయి. ఆ రాత్రి వాటిని మిరియాలు, ధనియాల పొడి, కరివేపాకు వేసి పెద్ద మంట మీద చప్పున వేయించాము. కొవ్వు లేని ఎర్ర మాంసం గనుక ఎక్కువసేపు ఉంచితే తోలులా గట్టిపడుతుంది.

ఐదింటికి మూడున్నర ఇస్తున్నాను. పొలం, భద్రత, కుక్క సంరక్షణ నేను ఇంతవరకు చూసినవాటిలో మెరుగైనవి. నీడ, ఐసు మాత్రం ఆ ధరకు తగినట్టు లేవు. డబ్బు కట్టే ముందు ఎంతమందికి నీడ ఉంటుంది, పక్షులకు విడిగా ఐసు పెట్టె ఉంటుందా, ఎండ ముదిరాక కుక్క పని చేయకపోతే ఏర్పాటు ఏమిటి అని అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. వచ్చే ఏడాదికి నేను వీళ్ల దగ్గరే సెప్టెంబరు మూడో వారంలో, కాస్త చల్లబడ్డాక, ఒక పొద్దుటి పూటకు పేరు ఇచ్చాను. గుడ్డ పందిరి వేయిస్తానని నిర్వాహకుడు మాట ఇచ్చాడు. ఐసు మాత్రం రెండు పెట్టెలు మా బండిలోనే తీసుకెళ్తాము.