ఇన్సూరెన్స్ లోన్ మీద నాలుగేళ్లు బండి నడిపాక

నాది గాజువాక. టాటా ఏస్ నడుపుతాను, ఎక్కువగా ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు. బండికి అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీయే 2022 నుంచి ఏటా ఆగస్టులో ఇన్సూరెన్స్ కూడా కట్టేసి, ఆ డబ్బు నా దగ్గర పది వాయిదాల్లో తీసుకుంటోంది. దీన్నే ఇన్సూరెన్స్ లోన్ అంటారు.

సుఖం ఉంది, లేదనను. ఇలాంటి గూడ్స్ బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే, అంటే బండి వల్ల వేరేవాళ్లకి జరిగే నష్టానికి కట్టేదే, 2022 జూన్ రేటు ప్రకారం 16,049 రూపాయలు, పైన పన్ను, బండి డ్యామేజీకి మళ్లీ వేరే. అంత ఒక్కసారి తీయలేం. పాలసీ లేకుండా దొరికితే మొదటిసారి 2,000 ఫైనుతో పోతుందేమో గానీ ఎవరికైనా తగిలితే కోర్టు వేసే పరిహారమంతా ఓనరు నెత్తినే పడుతుంది. నాకు ఆ భయం లేకుండా గడిచింది.

కష్టమంతా బాకీ పడ్డాకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, 61 రోజులు హార్బర్‌లో లోడు దొరకదు. 2025లో ఆ రోజుల్లో బండి ఈఎంఐ ఎలాగోలా కట్టాను, చివరి రెండు ఇన్సూరెన్స్ వాయిదాలూ అందులోనే జమవుతాయనుకున్నాను. కావు. దానికి లోన్ నంబరే వేరు. కలెక్షన్ కుర్రాడు రసీదు ఇస్తే దాని మీద ఏ నంబరుందో చూసుకోవాలి, నేను చూడలేదు. పెనాల్టీ పడింది, దాని మీద వడ్డీ కూడా వేశారు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు. లోన్ ఫారంలో నంబరిచ్చిన పాపానికి మా బావమరిదికి కూడా చేసి, పాలసీ క్యాన్సిల్ చేయిస్తామన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్, నేను వారం రోజులు బండి తీయలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ప్రీమియం ముందు అందకుండా ఏ ఇన్సూరెన్స్ కంపెనీ రిస్కు తీసుకోదు, అంటే నా పాలసీకి డబ్బు ఎప్పుడో కట్టేశారు, నేను బాకీ ఉన్నది ఫైనాన్స్ వాళ్లకే. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే గడువు ఆగస్టు దాకా కనిపించింది. అప్పుడు ప్రాణం కుదుటపడింది.

రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులో చెప్పింది. పెనాల్టీ మీద వడ్డీ వేయకూడదన్నది 2023లో ఇచ్చిన ఆదేశం. కాల్ లాగ్ ఫోటోలు, రసీదులు పెట్టి కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ చేశాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, 14448 నంబరులో ఎలాగో చెబుతారు. నాకు అక్కడిదాకా అవసరం పడలేదు, మూడో వారంలో వడ్డీ తీసేశారు, ఫోన్లు ఆగాయి. పెనాల్టీ మాత్రం కట్టాల్సి వచ్చింది, ఆలస్యం నాదే కాబట్టి కట్టాను. బాకీ లేదని లెటరు తీసుకున్నాకే కౌంటరు దగ్గర్నుంచి కదిలాను.

ఈసారీ అదే లోన్ తీసుకున్నాను, కానీ ఎనిమిది వాయిదాలే పెట్టించాను. మార్చితో అయిపోతాయి, ఏప్రిల్ వేట నిషేధానికి ముందే.